పితికిపప్పు పెట్టని చలికాలం

పేగు కోసి కుట్టాక నాయనను తిరుపతి ఆసుపత్రి నుంచి శ్రీకాళహస్తిలో మా ఇంటికి తెచ్చుకున్నాను. బలం రావాలంటే ప్రోటీన్ తప్పదు, కానీ పప్పులు, ఉలవలు, శనగకాయలు ఆ పేగు అరిగించుకోలేదు అన్నాడు డాక్టరు. గుడ్డు తెల్లసొన, మెత్తగా ఉడికిన చేప, పెరుగు మాత్రమే పెట్టమన్నాడు. ఆ మాట కొంగున ముడేసుకున్నాను.

అది అనపకాయల కాలం. మా వైపు చలికాలమంటే పితికిపప్పే. చిక్కుడు జాతి కాయలే అవి; ఒలిచి గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కోదాన్నీ బొటనవేలితో పితికి, పొట్టు తీసి కూర చేస్తాం. రాగిసంగటిలోకి దాన్ని మించింది నాయనకు లేదు. ఎదురింట్లో దానికి పోపు పెడితే చాలు, మంచం మీద లేచి కూర్చునేవాడు.

"ఒక్క గరిటె చెయ్యమ్మా. గుడ్డు తిని తిని నోరు సచ్చిపోయిండాది. పొట్టు తీసేస్తాం గదా, ఇంకేం ఉబ్బుతాది?"

"డాక్టరు కంటే నీకెక్కువ తెలుసా? నోరు చూసుకుంటే కడుపుబ్బి చస్తావు నాయనా! బలం వచ్చినాక గంపెడు చేసి పెడతాలే."

చస్తావు అన్న నా నోరు పడిపోను.

బండ్ల మీదికి అనపకాయలు వచ్చాయి, పోయాయి. నాయన మాత్రం చిక్కిపోతూనే ఉన్నాడు. చివరికి గుడ్డు కూడా ఇమడలేదు. ఎండలు ముదిరాక మళ్ళీ తిరుపతికి తీసుకెళితే, డాక్టరు నన్నొక్కదాన్నే పక్కకు పిలిచాడు.

"ఇంక పథ్యం వద్దమ్మా. ఏం అడిగితే అది పెట్టండి."

ఆ మాటకు అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. బస్సులో కిటికీ వైపు ముఖం తిప్పుకుని ఏడ్చాను.

"ఏం జెప్పినాడమ్మా?" అని నాయన అడిగాడు.

"బాగుండాదన్నాడు" అన్నాను.

పచ్చికాయలు ఎక్కడా దొరకలేదు. అంగట్లో ఎండుగింజలు తెచ్చి నానబెట్టి, వేళ్ళు ఒరుసుకుపోయేదాకా పితికాను. సంగటి ముద్దలో గుంట చేసి, కూర పోసి తెచ్చాను. నాయన చాలాసేపు చూశాడు. వాసన పీల్చాడు. తర్వాత పళ్ళేన్ని మెల్లగా నా వైపు జరిపాడు.

"వద్దు తల్లీ. ఇన్నాళ్ళూ ఓర్సుకున్నా. ఇప్పుడు నోరు కట్టుకోలేక అంతా సెడగొట్టుకుంటే ఎట్లా? బలం రానీ."

తిను నాయనా, ఇంకేం కాదులే అనడానికి నాకు నోరు రాలేదు. ఆ మాటంటే డాక్టరు చెప్పిందంతా చెప్పేసినట్టే. పళ్ళెం లోపల పెట్టి, గుడ్డు ఉడకేశాను.