బోర్లించిన చెప్పులు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మితే నా వృత్తి సాగదు. గుంతకల్లులో చిన్న ఫోటో స్టూడియో నాది. ఆ రోజుల్లో సగం పొద్దు చీకటి గదిలోనే గడిచేది. కరువు జిల్లాలో డెవలప్‌మెంట్ అంటూ జరిగేది నా గదిలోనే అని రైల్వే మిత్రులతో అనేవాణ్ణి. వాళ్లు నవ్వి, పాస్‌పోర్టు ఫోటోల ధర దగ్గర బేరం మొదలుపెట్టేవాళ్లు.

ఇది రెండువేల మూడు ఎండాకాలంలో జరిగింది. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. టచింగ్ ఏమీ చేయలేదు.

మా అక్కవాళ్ల ఊరు గుంతకల్లు నుంచి బస్సులో రెండు గంటల దూరం. ఊరి బయట అర మైలులో విక్టోరియా రాణి కాలం నాటి బంగారు గని ఉంది. దొరలు వెళ్లిపోయి తరాలైంది. మిగిలింది రాళ్ల కుప్పలు, నోరు తెరిచిన ఒక గుంత. దాని అడుగున నీళ్లున్నాయని ఊరంతా అనేది.

ఆ ఏడు బోర్లన్నీ ఎండిపోయాయి. మా బావ నాలుగెకరాల చీనీ తోట ఆకు రాలుస్తోంది. పదేళ్లు బిందెలతో నీళ్లు మోసి బతికించుకున్న బత్తాయి చెట్లు. తాడు కట్టుకుని గుంతలోకి దిగి, నీళ్లెంత లోతున ఉన్నాయో చూసి మోటారు దించుతానని బావ పట్టుబట్టాడు. అక్క ఏడ్చినా వినలేదు.

అదే రోజుల్లో ఆ ఊరి హెడ్మాస్టరు ఒక చెక్కపెట్టె పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. పాడుబడ్డ దొర బంగళాలో దొరికిందట. లోపల పదకొండు గాజు నెగటివ్‌లు. బడిలో పెట్టడానికి ప్రింట్లు వేసిమ్మన్నాడు.

ఆ ఫోటోలు తీసినవాడంత శుభ్రమైన పని నేను జన్మలో చేయలేదు. ఒకదాంట్లో ఆడవాళ్లు వరసగా కూర్చుని సుత్తులతో రాళ్లు పగలగొడుతున్నారు. ఒకామె ఒళ్లో పసిబిడ్డ నిద్రపోతోంది. ఇంకోదాంట్లో కమ్మరి ఉలులకు పదును పెడుతున్నాడు. మరోదాంట్లో ఒంటినిండా దుమ్ముతో నలుగురు మగవాళ్లు ముద్ద తింటున్నారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వమని చెప్పడానికి అక్కడ నాలాంటివాడు లేడు.

పదకొండోది ఆ గుంత ఫోటో. టోపీ పెట్టుకున్న దొర ఒకడు పక్కకు నిలబడ్డాడు. పనివాళ్లు కిందికి దిగిపోయినట్టున్నారు, ఎవరూ లేరు. గుంత అంచున చెప్పుల జతలు మాత్రం వరసగా ఉన్నాయి. చూడ్డానికి అన్నీ తోలు చెప్పులే. చివరి జత బోర్లా పడి ఉంది, ఒకదాని మీద ఒకటి అడ్డంగా.

భూతద్దం పెట్టి చూశాను. పేరులో భూతమున్నా అంతవరకు అది నాకు మొటిమలు తప్ప ఏమీ చూపించలేదు. ఆ బోర్లా పడ్డ అడుగుల మీద లారీ టైరు గీతలున్నాయి. ఎడమదాని మడమ దగ్గర ఎనిమిది అంకెలా మెలితిరిగిన సన్నటి తీగ మెరుస్తోంది.

రాణిగారి కాలంలో లారీ ఎక్కడిది? గాజు మీద గీతలు పడి ఉంటాయనుకున్నాను. నా కళ్లజోడు నంబరు మారిందేమో అని కూడా అనుకున్నాను.

ఆదివారం పొద్దున ప్రింట్లు తీసుకుని ఊరికి వెళ్లాను. బడి వరండాలో ఓబులేసు తాత కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి, వాళ్ల జేజినాయన, అంటే తాత, ఆ గనిలో పనిచేసినవాడు. హెడ్మాస్టరు ఆయన చేతికి ఒక్కో ఫోటో ఇస్తున్నాడు. చివరిదాని దగ్గర తాత వేలు ఆగిపోయింది.

“వీడు పైకి రాలేదప్పా,” అన్నాడు.

“ఎవరు తాతా?”

“ఈ చెప్పులోడు. భూమితల్లి కడుపులేకి చెప్పులేసుకొని పోతారా? అందరూ ఈడనే ఇడిసి దిగుతాండిరి. పైకొచ్చినోడు తొడుక్కొని ఇంటికి పోతాండె. రానోని చెప్పులు మిగిలినోళ్లు బోర్ల ఏసి పోతాండిరి.”

“ఎందుకు?”

“నడిసి ఇంటికి రాకుండా.”

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల అక్క ఇంట్లో బావ తెగిన టైరు చెప్పును మోటారు రాగి తీగతో కుట్టుకుంటున్నాడు. మడమ దగ్గర, ఎనిమిదిలా మెలితిప్పి. చెప్పుకీ వైండింగు చేస్తున్నావా బావా అని నేనే ఎగతాళి చేశాను.

అక్క ఇంటికి పరుగెత్తాను. “పొద్దన్నే గుంత కాడికి పోయినాడు,” అంది అక్క. ఆ ఎండలో అర మైలు ఎలా వెళ్లానో నాకే తెలియదు.

బావ, మరో నలుగురు ఉన్నారు. టెంకాయ కొట్టారు గనుక చెప్పులన్నీ ఒక పక్కన విడిచారు. బావ నడుముకి తాడు కట్టుకుంటున్నాడు.

“ఏం బామ్మర్దీ, ఫోటో తీసేకి వస్తివా? పూలదండ గూడా తెస్తివా?”

అందరూ నవ్వారు. దండ వేసే ఫోటోలు పెద్దవి చేసి ఇవ్వడం నా పనే. నాకు నవ్వు రాలేదు.

“బావా, ముందు లాంతరు దించు.”

“బ్యాటరీ లైటు ఉండాది కదప్పా.”

“చూసేదానికి కాదు. లోపల గాలి ఉందో లేదో తెలియాల.”

“ఫోటోలు కడిగేటోనివి, గనుల సంగతి నీకేం తెలుసు? జరుగు.”

ఫోటో సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఏం చేయాలో తోచక తాడు చుట్ట మీద కూర్చున్నాను. నా బరువు గురించి అక్క ఎప్పుడూ వెక్కిరిస్తుంది. అది పనికొచ్చింది ఆ ఒక్కసారే. లాగి లాగి విసిగిపోయి, చివరికి ఒకడిని పంపి లాంతరు తెప్పించారు.

పది బారలు దిగేసరికి దీపం ఆరిపోయింది. పైకి లాగి వెలిగించి మళ్లీ దించారు. అక్కడే ఆరింది. మూడోసారీ అంతే. బావ నడుము ముడి విప్పుకున్నాడు.

వెనక్కి తిరిగాం. నాలుగు జతలు విడిచినవి విడిచినట్టే ఉన్నాయి. బావవి బోర్లా పడి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా. రాగి తీగ ఎండకి మెరుస్తోంది. ఆరుగురమూ తాడు దగ్గరే ఉన్నాం. ఆ రోజు గాలి కూడా లేదు, ఉన్నా టైరు చెప్పుల్ని తిప్పేంత గాలి మా వైపు వీయదు.

“ఎవడ్రా ఈ పని చేసింది?” అన్నాడు బావ. ఆయన వాటిని ముట్టుకోలేదు. కాలే నేల మీద వట్టి కాళ్లతో ఇంటికి నడిచాడు.

తోట దక్కలేదు. ఆ ఏడే చెట్లు కొట్టేసి, అక్కని తీసుకుని గుంతకల్లు వచ్చేశాడు. ఇప్పుడు నా స్టూడియోకి నాలుగు అంగళ్ల అవతల మోటార్లకు వైండింగు చేస్తాడు.

అనంతపురంలో ఒక పెద్ద ఫోటోగ్రాఫరుకి ఆ గాజు పలక చూపించాను. పాతదే, ఎవరూ చేయి పెట్టలేదు, ఒకదాని మీద ఒకటి రెండు ఫోటోలు పడిందీ కాదు అన్నాడు. హెడ్మాస్టరుకి పది పలకలే తిరిగిచ్చాను, ఒకటి పగిలిందని అబద్ధం చెప్పాను. అది నా సొరుగులో ఉంది. ఆ చెప్పులు అందులో ఇంకా బోర్లానే ఉన్నాయి. బావ పైకి వచ్చాడా అంటే, అసలు దిగనే లేదు కదా. మరి ఆ ఫోటోలో పైకి రానివాడు ఎవరో, ఇన్నేళ్లయినా నాకు అంతు చిక్కలేదు.

బావ రోజూ టీ తాగే వేళకి వస్తాడు. అలవాటుగా గుమ్మం బయట చెప్పులు విడవబోతాడు.

“పర్లేదు బావా, వేసుకునే రా,” అంటాను.

ఎందుకని ఆయన ఒక్కసారీ అడగలేదు. వేసుకునే వస్తాడు.