నాలుగు దిక్కులా పసుపు

నిన్న మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోన్ మోగింది. మడికొండలో కొత్త ఇల్లు కట్టుకున్న మా దూరపు చుట్టం కొడుకు పుట్టినరోజట, పిలుపు వీడియోలో పంపారు. తెరమీద ఒక బ్యాటు ఊగింది, బంతి ఎగిరింది, చప్పట్లు మోగాయి, చివర్లో 'మీరంతా రావాలి' అని అక్షరాలు మెరిశాయి. ముచ్చటగానే ఉంది. మా అబ్బాయి తొమ్మిదో పుట్టినరోజుకు మట్టెవాడలోని మా ఇంట్లో తయారైన ఎర్ర బంతులు గుర్తొచ్చాయి. వాటితో పాటు మా మామయ్య, మావారి నాన్న, గుర్తొచ్చారు.

మామయ్యకు ఇంటి ముందుగదిలోనే బట్టల దుకాణం. షర్టు డబ్బాల్లో వచ్చే అట్టలు పారేయడం ఆయన జన్మలో ఎరుగరు. మంచం కింద అట్టలు, బీరువా మీద అట్టలు, చివరికి బియ్యం డ్రమ్ము వెనక కూడా అవే. "ఏదో ఒకనాడు మనల్ని బయటికి ఎల్లగొట్టి ఇంట్ల ఇవ్వే ఉంటయ్" అని మా అత్తమ్మ సణిగేది. స్నేహితుడింట్లో చూసినట్టు క్రికెట్ బొమ్మ ఉన్న అచ్చు కార్డులు కావాలని మనవడు పేచీ పెట్టిన రోజు ఆ అట్టలకు యోగం పట్టింది. "ఇంట్ల ఇన్ని అట్టలుండంగ అచ్చు కార్డులేందిరా? నేను కోసిస్త తియ్" అని మామయ్య కత్తెర పట్టుకున్నారు.

ఆయనకు క్రికెట్ ఓ ముక్క తెలియదు. టీవీలో ఆట వస్తుంటే "పొద్దంత ఎండల నిలవడ్డోళ్లకు ఎవలన్న ఇన్ని మంచినీళ్లిస్తాండ్రా?" అని అడిగే రకం. అయినా చాయ్ సాసరు బోర్లించి గీత గీసి, అట్టను బంతిలా గుండ్రంగా కోశారు. దాని మీద దుకాణంలో మిగిలిన ఎర్ర జాకెట్ ముక్కను మైదా గంజితో అతికించారు. నడుమ తెల్లదారంతో కుట్లు వేసే పని అత్తమ్మది. వెనకవైపు మా వాడి రాత: 'టాస్ సాయంత్రం ఐదు గంటలకు. కేకు తర్వాత మ్యాచ్.' మామయ్య అద్దాలు సవరించుకుని చదివి, పైన శ్రీరస్తు శుభమస్తు లేని పిలుపు కూడా ఒక పిలుపేనా అన్నారు. కింద బంధుమిత్రుల అభినందనలు కూడా ఉండాల్సిందేనన్నారు. రెండూ చేర్చాం. ఆ తర్వాత పసుపు సంగతి వచ్చింది. శుభలేఖ అన్నాక నాలుగు మూలలా పసుపు పెట్టాలి గదా! మా వాడు పకపకా నవ్వాడు. "బాలుకు మూలలెక్కడియి తాతా?" మామయ్య కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, "మూలలు లేకుంటే ఏమాయె, నాలుగు దిక్కులుంటయ్ గదరా" అని వేలితో నాలుగు చుక్కలు పెట్టారు. మొదటి కార్డు తీసుకుపోయి భద్రకాళి అమ్మవారి దగ్గర పెట్టించి మరీ వచ్చారు.

పంచడం మొదలయ్యాక ఆయనకు కొత్త సరదా పుట్టింది.

"నా కార్డేదిరా?"

"నువ్వు ఇంట్లనే ఉంటవ్ కదా తాతా, నీకెందుకు?"

"ఇంట్లున్నోడు మనిషి కాడా? కార్డు చేతికిచ్చి, తప్పకుండ రావాలె అంటేనే వస్త. పిలువని పేరంటానికి నేను పోను."

అసలు సంగతి ఏమిటంటే, వాడు తాత కోసం అన్నిటికన్నా పెద్ద బంతి చేసి దాచాడు. స్టీలు పళ్లెం బోర్లించి నేనే గీసిచ్చాను. పసుపు మాత్రం ఇచ్చేటప్పుడు పెడతానన్నాడు. పుట్టినరోజు ముందు సాయంత్రం తాత చేతిలో పెట్టి ఆయన ముఖం చూడాలని వాడి ఆశ. రోజూ పొద్దున చాయ్ తాగుతూ ఆయన అడగడం, "అందరికంటె లాస్టుకు నీకే" అని వీడు ఊరించడం.

ఆ సాయంత్రం రాకముందే, ఒక పొద్దున దుకాణం తాళం తీస్తూ మామయ్య ఛాతీ పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయారు. ఆటోలో హనుమకొండ దవాఖానకు చేరేసరికే అంతా అయిపోయింది. ఇంటికి తెచ్చి ముందుగదిలో పడుకోబెట్టాం. ఎర్ర బంతులు అందుకున్న వాడకట్టంతా వచ్చింది. పిల్లలు గుమ్మం దగ్గరే నిలబడి మా వాడి వైపు చూశారు. వాడు లోపలికి పోయి ఆ పెద్ద బంతి తెచ్చుకుని, వంటింట్లో పసుపు డబ్బా కోసం వెతుకుతుంటే నాకు దుఃఖం ఆగలేదు. డబ్బా నేనే తీసిచ్చాను.

మామయ్య అన్నగారు చూసి అడ్డుపడ్డారు. "చావింట్ల శుభలేఖ ఏందిరా? పసుపు పెట్టద్దు, తప్పు." ఆయన్ని అనడానికేమీ లేదు, చావు కార్డుకు మాలో ఎవరూ పసుపు ముట్టించరు. గోడకు ఆనుకుని కూర్చున్న అత్తమ్మ తలెత్తింది. "పెట్టనియ్యుండ్రి. రోజు అడిగిండు ఆయన" అంది. వాడు నాలుగు దిక్కులా నాలుగు చుక్కలు పెట్టి, కార్డును తాత చేతి కింద ఉంచి, ఆయన నేర్పినట్టే చెప్పాడు: "తాతా, నా బర్త్‌డే. నువ్వు తప్పకుండ రావాలె." ఆ కార్డు ఆయనతోనే పోయింది.

ఆ ఏడు పుట్టినరోజు చేయలేదు. మా వాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు, గడ్డం గీసుకుంటున్నాడు, క్రికెట్ పిచ్చి కూడా తగ్గింది. ఒక్క అలవాటు మాత్రం ఉండిపోయింది. ఎవరికైనా ఏదైనా ఇవ్వాలనుకుంటే దాచలేడు. నా పుట్టినరోజుకని కొన్న గాజులు మొన్న నెల ముందే తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇంక నెల ఉన్నది కదరా, అప్పుడియ్యచ్చు కదా" అన్నాను. "ఇప్పుడే ఏసుకో అమ్మా" అని, నేను వేసుకునేదాకా అక్కడే నిలబడ్డాడు. రేపు అనేది తప్పకుండా వస్తుందని పిల్లలకు ఒక ధీమా ఉంటుంది. కాలం మా వాడి దగ్గర దాన్ని తొమ్మిదేళ్లు నిండకముందే తీసేసుకుంది.