విషం కనిపెట్టే పెట్టె, వంకాయ రంగు డబ్బా

యుద్ధం ముగిసి, గన్నవరంలో మిలిటరీ వాళ్ళు మిగిలిన సరుకంతా వేలం వేస్తున్న రోజుల్లో మా ఇంటికి రెండు వస్తువులొచ్చాయి. ఒకటి బావ కొన్న రేకు పెట్టె. రెండోది పెదనాన్న కొన్న రేకు డబ్బా. దేశానికి స్వాతంత్ర్యం ఇంకా రాలేదు గాని, పాత సామాన్లకు మాత్రం వచ్చేసింది.

బావ పెట్టె, సిపాయిలు తాగే నీళ్ళలో విషం కలిసిందో లేదో అక్కడికక్కడే తేల్చడానికి చేసింది. చంకలో పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు. లోపల వేలెడేసి సీసాలు, కాగితం ముక్కలు, బిళ్ళలు. మూతకు అంటించిన బోలెడంత ఇంగ్లీషు. కెమిస్ట్రీ చదివే బావకు అది చేతికొచ్చాక మా ఇంట్లో మంచినీళ్ళు తాగడం గగనమైంది. పెద్దమ్మ చారును కూడా పరీక్షించి, ఆర్సెనిక్ లేదని ప్రకటించాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ వంటకు దక్కిన మొదటి మెప్పు అది.

పెదనాన్న డబ్బా అంత సరదా వ్యవహారం కాదు. పామర్రు దగ్గర మాది మగ్గాల ఇల్లు. నూలు కంట్రోలులో ఉంది, సర్కారు విడతకింత అని కొలిచి ఇచ్చేది. ఆ విడత దొరికిన కాస్తా పాడైతే మళ్ళీ విడత దాకా మగ్గాలు పడుకోవాలి, వాటి పక్కన మేమూ పడుకోవాలి. ఆ నూలంతా వంకాయ రంగు చీరలకని తడిపి ఉంచాడు. డబ్బా మీద పేరు లేదు. లోపల నల్లటి పలుకులు. చిటికెడు వేస్తే చెంబెడు నీళ్ళూ ధగధగలాడే వంకాయ రంగు. జర్మనీ సరుకని బెజవాడలో అమ్మినవాడు చెప్పాడట. జర్మనీ ఓడిపోయాక వాడితో వాదించడానికి ఎవరూ మిగల్లేదు.

"ముంచేముందు ఒక్కసారి చూడనివ్వండి మామయ్యా," అని బావ పెట్టె తెరిచాడు. గ్లాసుడు నీళ్ళలో ఆ పలుకులు కలిపి, అందులో కాగితం తడిపి, పైకెత్తి, "మస్టర్డ్ గ్యాస్ లేదు!" అన్నాడు.

"అంటే ఏంటే?" పెద్దమ్మ నన్నడిగింది.

"ఆవాలు లేవట పెద్దమ్మా."

"రంగులో ఆవాలెందుకుంటాయే, పోపు పెట్టుకోడానికా?"

"నువ్వూరుకోవే," అని బావ నన్ను కసిరి, "సయనైడ్ కూడా లేదు," అన్నాడు.

"ఒరేయ్ అల్లుడూ, లేనివి చెప్పడానికి నీ పెట్టె దేనికిరా? ఏనుగు కూడా లేదు. ఉన్నదేంటో చెప్పు," అన్నాడు పెదనాన్న.

ఆ ప్రశ్నకు పెట్టెలో సీసా లేదు. చేతులు ఊరుకోక బావ, నీళ్ళకు మందు వాసన పోగొట్టే బిళ్ళొకటి గ్లాసులో పడేశాడు. వంకాయ రంగు మా కళ్ళముందే చచ్చి గోధుమరంగు మడ్డయింది.

"మామయ్యా, ఇది రంగు కాదండీ! పర్మాంగనేటు. కలరా వస్తే బావుల్లో వేస్తారే, ఆ మందు."

ఆ నీళ్ళు తాగని వాళ్ళు మాలో లేరు. కాని బావిలో పలచటి గులాబీ రంగు చూశామే గాని, పలుకుల మొహం ఎవరం చూశాం?

"బిళ్ళేసి నువ్వే చెడగొట్టి, చెడిందంటావేంట్రా?" అన్నాడు పెదనాన్న.

అదీ న్యాయంగానే ఉంది. కాబట్టి గంగాళంలో ఆ రంగు కలిపి, ఒక్క చిలప, అంటే ఒక్క కట్ట నూలు ముంచారు. బయటికి తీస్తే ఎంత అందంగా ఉందంటే, పెద్దమ్మ దండం పెట్టింది. కాసేపటికి తీగ మీద ఆ చిలప తుప్పు రంగుకు తిరిగింది. పెద్దమ్మ ఏడుపు ఎత్తుకుంది. తన పెట్టె గెలిచినందుకు నవ్వకుండా ఉండటానికి బావ నానా తంటాలు పడ్డాడు.

పెదనాన్న తీగ మీంచి చిలపను లాగాడు. దానికి సబ్బు రాశాడు. రాతి మీద బాదాడు. మళ్ళీ ఎండకేశాడు. పోగు లాగి చూశాడు. పోగు తెగలేదు, రంగు కదల్లేదు.

"ఇది పోదర్రా," అన్నాడు మెల్లగా.

"అది క్రిముల్ని చంపే మందండీ!"

"మరీ మంచిది. పురుగు పట్టదని చెబుదాం."

నూలంతా ముంచేశాడు. చీరలు మానేసి చొక్కా గుడ్డ నేశారు. ఖాకీకి దగ్గరగా, పేడకు ఇంకాస్త దగ్గరగా ఉండేది. హనుమాన్ జంక్షన్లో లారీల వాళ్ళు మాసినా తెలియదని ఎగబడి కొన్నారు. మగ్గాలు ఆగలేదు. ఆ గుడ్డలోనే బావకూ ఒక చొక్కా కుట్టించారు. తొడుక్కునే ముందు అతను పెరట్లోకి పోయి, చొక్కా అంచు తడిపి విషం పరీక్ష చేసుకోవడం నేను చూశాను.