ఒకే ఇల్లు, ఒకే పాలసీ

ఇంట్లో ఆమెను డెంటు అని పిలిచేవారు. కట్టుడు పళ్ళు తయారుచేసే డెంటల్ లాబ్‌లో పనిచేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని బయటివాళ్ళు అనుకునేవారు. పేరుకీ పళ్ళకీ సంబంధం లేదు. కారు కొన్న కొత్తలో వెనక్కి తీస్తూ గేటు స్తంభానికి రాసుకుంది. తలుపు మీద అరచేయంత సొట్ట పడింది. తండ్రి కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "దిగు తల్లీ దిగు, మిస్ డెంటూ!" అన్నాడు. అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. అన్నయ్య పిల్లలకు ఆమె డెంటత్త. సొంత పేరుతో పిలిచేవాళ్ళు లాబ్‌లో తప్ప ఎక్కడా మిగల్లేదు.

లాబ్‌లో ఆమెది మంచి చెయ్యి. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు తీర్చి, ఒక్కో పన్నూ కూర్చేది. ముందు పళ్ళు మరీ తిన్నగా ఉంటే మనిషి అబద్ధమాడుతున్నట్టు కనిపిస్తాడనేది, ఒకదాన్ని కావాలని కాస్త వంకరగా పెట్టేది. పెళ్ళి ఒకటి కుదిరి తప్పిపోయింది. మరోదాని జోలికి ఆమె వెళ్ళలేదు, ఇంట్లోవాళ్ళూ తొందరపడలేదు. మేడ మీద గది ఆమెది.

తండ్రి బస్సు డిపోలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం అయిపోయినా డిపో ఆయన్ని వదల్లేదు. ఇంటి ముందు నాలుగు కార్లు ఆయన గీసిన సున్నపు గీతల మధ్యే నిలబడాలి. ఆయనది, పెద్దకొడుకుది, చిన్నకొడుకుది, కూతురిది. పొద్దున్నే చొక్కా లేకుండా బయటికొచ్చి టైర్లు తన్ని చూసేవాడు. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు చెప్పే నోరు లేకుండా పోయింది.

ఒక ఇంట్లో ఉన్న బండ్లన్నీ ఒకే పాలసీ కిందికి తెస్తే కంపెనీ తగ్గింపు ఇస్తుందని ఆయనకు చెప్పింది ఇన్సూరెన్సు ఏజెంటే. ఆ మాట విన్నాక తండ్రికి నిద్ర పట్టలేదు. నాలుగు కార్లు, ఒక పాలసీ, ఒక యజమాని. యజమాని ఎవరన్నది ఆ ఇంట్లో అడగాల్సిన ప్రశ్న కాదు. కూతురు తన జీతంతో కొనుక్కున్న బూడిదరంగు కారు కూడా ఆయన పేరు మీదికి మారింది.

"పేరు నాదైతే ఏంటే? తోలేది నువ్వేగా," అన్నాడు.

ఆమె సరే నాన్నా అంది.

ఆ పాలసీలో ఒక మెలిక ఉంది. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరి పేరూ అందులో రాయాలి. ఎవరు గుద్దినా ఆ దెబ్బ అందరి మీదా పడుతుంది, తగ్గింపు ఎగిరిపోతుంది. అందుకని భోజనాల దగ్గర తండ్రి రోజూ తీరిగ్గా విచారణ పెట్టేవాడు. ఎవరు ఎక్కడికెళ్ళారు, బండి ఎక్కడ నిలబెట్టారు, ఎవరైనా రాసుకున్నారా. అందరి వంతూ అయ్యాక కళ్ళు కూతురి మీద ఆగేవి. "మన డెంటుగారు ఈ రోజు ఎవరి గోడ కూల్చారు?" అనేవాడు. ఆమె తల వంచుకుని అన్నం కలుపుకునేది. వదిన నవ్వు ఆపుకుంటున్నట్టు నటించేది.

తమ్ముడు మాత్రం నవ్వేవాడు కాదు. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే ఆమె ఒళ్ళోనే పడుకునేవాడు. ఇప్పుడు మందుల కంపెనీలో సేల్స్ ఉద్యోగం చేస్తూ ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాడు. ఒక సాయంత్రం తాగి వస్తూ, రోడ్డు పక్కన నిలబెట్టిన ఎవరిదో కారును గుద్దేశాడు. ఇంటికొచ్చి అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నా పేరు మీద యాక్సిడెంటు పడితే ఉద్యోగం ఊడుతుందక్కా. మా ఆవిడకి తెలిస్తే పుట్టింటికి పోతుంది."

ఆమె ఏమీ అనకముందే తండ్రి గుమ్మంలోకొచ్చాడు. అంతా విన్నాడు. ఆయనకు కోపం కూడా రాలేదు.

"డెంటు నడిపిందని చెబుదాం. దాని పేరు మీద ఎలాగూ గేటు సొట్ట క్లెయిము ఒకటుంది. మాసిన బట్టకి ఇంకో మరకేం లెక్క?"

తమ్ముడు తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆమె వాడి జుట్టు సవరించి, "సరే, నేనే అని చెప్పండి," అంది.

పాలసీ మళ్ళీ కట్టే రోజు వచ్చింది. ఏజెంటు సోఫా అంచున కూర్చుని, గొంతు తగ్గించి విషయం చెప్పాడు. అమ్మాయిగారి పేరు మీద రెండు యాక్సిడెంట్లు ఉన్నాయి కనుక అందరికీ రేటు పెరుగుతుంది. ఆమెను డ్రైవర్ల నుంచి తీసేస్తే పాత తగ్గింపు అలాగే ఉంటుంది. కాకపోతే ఆ తర్వాత ఆమె ఈ ఇంట్లో ఏ బండీ నడపకూడదు. నడిపి ఏదైనా జరిగితే కంపెనీ పైసా ఇవ్వదు.

"నా కారు కూడానా?" అంది ఆమె.

"నీ కారేంటి?" అన్నాడు తండ్రి. "పాలసీలో ఎవరి పేరుంది?"

ఆమె తమ్ముడి వైపు చూసింది. వాడు ఇడ్లీ ముక్కను పచ్చడిలో అటూ ఇటూ దొర్లిస్తున్నాడు. ఇప్పుడు ఒక్క మాట చెబుతాడు అనుకుంది. నిజం చెప్పనక్కర్లేదు, వద్దు నాన్నా అంటే చాలు.

"లాబ్ దగ్గరేగా అక్కా," అన్నాడు తమ్ముడు తల ఎత్తకుండానే. "బస్సుంటుంది."

సంతకం ఆమె చేతే పెట్టించారు. తనను తీసేయడానికి తనకు అభ్యంతరం లేదని. పెన్ను వదిన అందించింది.

ఆ తర్వాత బూడిదరంగు కారు వదిన చేతికి వెళ్ళింది. కూరలకీ పిల్లల స్కూలుకీ అదే. ఒకరోజు జోరువానలో ఆమె బస్సు స్టాపులో నిలబడి ఉండగా తన కారు ఎదురుగా వచ్చింది. లోపల వదిన, పిల్లలు. కారు నెమ్మదించింది. ఆమె గొడుగు సగం మూసింది కూడా. కారు నెమ్మదించింది తన కోసం కాదు, ముందున్న గుంట కోసం. గుంట దాటగానే వేగం అందుకుంది. వెనక అద్దంలోంచి పిల్లలు చేతులూపి, "డెంటత్త తడిసిపోయిందోయ్!" అని అరవడం ఆమెకు వినిపించలేదు గానీ, పెదవుల కదలిక బట్టి తెలిసింది. నోళ్ళు చదవడం ఆమె పనే కదా.

తండ్రికి పక్షవాతం వచ్చింది ఒక సెలవు రోజు మధ్యాహ్నం. కొడుకులిద్దరూ సంసారాలతో కొత్త సోఫాలు చూడ్డానికి వెళ్ళారు. ఆయన వాకిట్లో కార్ల దగ్గర ఉన్నాడు. దబ్బున చప్పుడైతే ఆమె మేడ మీది నుంచి పరిగెత్తుకొచ్చింది. ఆయన తన కారుకూ ఆమె కారుకూ మధ్య సున్నపు గీత మీద పడి ఉన్నాడు. ఆమె ముందుగా చూసింది నోటినే. కుడివైపు పెదవి జారిపోయింది. అదేమిటో ఆమెకు వెంటనే అర్థమైంది.

అంబులెన్సుకు ఫోన్ చేసింది. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. "బండ్లన్నీ బయట ఉన్నాయమ్మా, ఆలస్యమవుతుంది. మీ దగ్గర కారుంటే ఒక్క క్షణం ఆగకుండా తీసుకొచ్చేయండి. ఇలాంటిదానికి ఎంత త్వరగా తెస్తే అంత మంచిది."

ఆమె లోపలికెళ్ళి తన కారు తాళం తెచ్చింది. వెనక తలుపు తీసింది. ఆయన్ని చంకల కింద పట్టుకుని లేపబోయింది. ఆయన పనిచేసే ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మాట ముద్దగా వచ్చింది కానీ వచ్చింది.

"ను... నువ్వొద్దు. ఇన్సూ... రెన్సు లేదు."

"నాన్నా, ఆస్పత్రికి."

"గుద్దే... స్తావు. వొద్దు."

ఆమె ఆగిపోయింది. ఆయన్ని మెల్లిగా కిందికి దించింది. లోపలి నుంచి దిండు తెచ్చి తల కింద పెట్టింది, ఎండ పడకుండా దుప్పటి అడ్డం కట్టింది. తర్వాత పక్కన చతికిలబడి ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. కారు తలుపు తెరిచే ఉంది. తాళం ఒళ్ళో ఉంది. ఆయన పట్టు వదులవుతోంది, చూపు తప్పుతోంది. కాసేపటికి ఆయనే తెరిచిన తలుపు వైపు కళ్ళు తిప్పి ఏదో అన్నాడు. బతిమాలుతున్నట్టే ఉంది. మాట మాత్రం ఇక తెలియలేదు.

"వద్దన్నారుగా నాన్నా," అంది ఆమె. "మీరు చెప్పినట్టే చేస్తున్నాను."

అప్పుడు ఆమెకు భయం వేసింది. భయంతో పాటు ఇంకొకటి కూడా వచ్చి కూర్చుంది. చల్లగా, హాయిగా ఉంది అది. లేచి వెళ్ళమని దానికి ఆమె చెప్పలేదు.

చివరికి అంబులెన్సు వచ్చింది. ఆయన ప్రాణం దక్కింది. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. ముందే తెచ్చి ఉంటే ఇంత నష్టం ఉండేది కాదని డాక్టరు అన్నాడు. ఆస్పత్రి వరండాలో తమ్ముడు ఆమె మీదికి వచ్చాడు.

"ఇంటి ముందు రెండు కార్లున్నాయి! నీకు నడపడం వచ్చు! చేతులు ముడుచుకుని కూర్చున్నావా?"

"నాన్న వద్దన్నారు."

"చచ్చిపోయే మనిషి ఏదో అంటే వినేస్తారా ఎవరైనా?"

"నేను వింటాను," అంది ఆమె. "నువ్వు తాగి గుద్దింది నా నెత్తిన వేసుకోమన్నప్పుడు కూడా ఆయన మాట విన్నాను కదరా."

వాడి భార్య పక్కనే ఉంది. చేతిలోని టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, భర్త ముఖంలోకి చూసింది. "ఏంటి ఆవిడ అంటోంది?" అని అడిగింది.

ఏడాది తిరక్కుండానే ఇల్లు చెదిరిపోయింది. చిన్నకొడుకు అత్తవారి ఊరికి మారాడు, భార్య వెంట వెళ్ళాడో ఆమె వెంటపడి వెళ్ళాడో ఎవరికీ తెలియదు. పెద్దకొడుకు తన కారుకు వేరే పాలసీ తీసుకుని, వేరే ఇల్లు చూసుకున్నాడు. తండ్రి కారును అతనే అమ్మేశాడు. వెళ్ళే ముందు చెల్లెలి గదికి వచ్చి బూడిదరంగు కారు తాళం మంచం మీద పెట్టాడు.

"ఇది నీ పేరు మీదికి మార్పించేశాను. కారు నీకే. నాన్న కూడా నీకే."

ఆమె ఒక్క కారుకు, ఒక్క పేరుకు పాలసీ తీసుకుంది. ఇంట్లో ఇంకా బండ్లుంటే కలిపి తగ్గింపు ఇస్తామంది ఫోన్లో అమ్మాయి. "ఎవరూ లేరండీ," అని ఆమె పెట్టేసింది.

ఇప్పుడు తండ్రికి ఆమె చేసే సేవకు వంక పెట్టడానికి లేదు. వేళకు స్నానం, వేళకు తిండి, పక్క ఎప్పుడూ పొడిగా ఉంటుంది. పక్కింటావిడ తన కోడళ్ళకు ఆమెను చూపించి నేర్చుకోమంటుంది. మాట తిరిగి నేర్పే క్లినిక్కుకు వారం వారం కారులో తనే తీసుకెళుతుంది. అక్కడి టీచరమ్మ మొదటిరోజే చెప్పింది, "మందుల కంటే మీరు మాట్లాడటమే ముఖ్యం. దారిలో కనపడినవన్నీ పేర్లు చెప్పించండి. సగం మాట ఆయన అంటే మిగతా సగం మీరు అందించండి. మాట్లాడేవాళ్ళు లేకపోతే ఉన్నది కూడా పోతుంది." ఆమె శ్రద్ధగా తలూపి, తప్పకుండా అంది.

ఆ రోజు నుంచి నాలుగు గోడల మధ్యా, కారులోనూ, ఆమె తండ్రితో ఒక్క మాట మాట్లాడలేదు.

మొన్న క్లినిక్కు నుంచి తిరిగొస్తుంటే సిగ్నల్ దగ్గర ఒక మేకల మంద రోడ్డు దాటుతోంది. వెనక సీట్లో ఆయన కదిలాడు. ఎడమచెయ్యి అద్దానికి ఆనించాడు. "మే," అన్నాడు. బలమంతా కూడదీసుకుని మళ్ళీ, "మే... మే..." అన్నాడు. తర్వాత అక్షరం అందక, అద్దంలో కూతురి కళ్ళ కోసం వెతికాడు. నుదుటి మీద చెమట పట్టింది.

మంద దాటిపోయింది. ఆమె గేరు వేసి, కారును మెత్తగా, ఎక్కడా కుదుపు లేకుండా ముందుకు పోనిచ్చింది.