పిట్టల అంచు ఇచ్చి కొన్న సిస్టం

మా కోడలు స్విచ్ వేసింది. డబ్బా లోపల ఫ్యాను తిరిగింది, చిన్న ఎర్ర దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగానే ఉండి, పైన రెండు లైన్ల ఇంగ్లీషు అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. ఎక్కడో బిగింపు తప్పిందనుకుని నేను స్క్రూడ్రైవర్ అందుకున్నాను.

"తప్పేం కాలేదు మామా. బిగించుడు మంచిగనే అయింది. ఇంక ఆపరేటింగ్ సిస్టం ఎయ్యాలె," అంది.

"అదెక్కడుంది? డబ్బాలు అన్నీ ఇప్పినం గదా."

"డబ్బాల రాదు. అది వేరే కొనాలె."

నేను డైరీ తెరిచాను. మదర్‌బోర్డు, ప్రాసెసర్, మెమరీ, డిస్కు, పవర్ సప్లై, క్యాబినెట్, సెకండ్ హ్యాండ్ మానిటర్. అన్నిటి ఎదుట టిక్కు పెట్టి ఉంది. నా ఉద్యోగ జీవితమంతా సూరత్‌లో పవర్‌లూమ్ సాంచెలు బిగించే ఫిట్టరుగా గడిచింది. కొత్త షెడ్డు పెట్టే యజమాని నా డైరీలో రాసిన పట్టిక చూసే సామాను తెప్పించేవాడు. ఒక్క వస్తువు మరిచిపోయానన్న మాట నేను ఎవరి నోటా వినలేదు. అందుకే ఆ రోజు పట్టికను మళ్ళీ మొదటినుంచి చదివాను.

కోడలికి నా ముఖం చూసి నవ్వొచ్చింది. "నీకు తెల్వనిదా మామా? సాంచెకు జకార్డు పెట్టి, అట్టలు ఎక్కియ్యకుంటే చీర మీద పువ్వు వస్తదా?"

రాదు. రంధ్రాలు పొడిచిన ఆ అట్టలే ఏ దారం లేవాలో, ఏది ఆగాలో మగ్గానికి చెబుతాయి. సంగతి అర్థమైంది. కానీ అట్టలకు బరువుంటుంది. భుజాన మోస్తే నొప్పి పుడుతుంది. కంటికి కనబడని దాన్ని దుకాణంలో ఏమని అడిగి కొనాలి?

అది కరోనా మొదటి ఏడాది. సాంచెల చప్పుడు ఆగిపోయింది. మా గల్లీలో చాలామంది కరీంనగర్ వైపు రైళ్లెక్కి వెళ్ళిపోయారు. మా అబ్బాయి పనిచేసే ఇచ్ఛాపూర్ రంగులద్దే డైయింగ్ మిల్లు తలుపులు మూసింది. కోడలు పర్వత్ పాటియాలో ఒక సేఠ్ స్టూడియోలో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీసేది. అదీ మూతబడింది. కొన్నాళ్లకు సేఠ్ ఫోన్ చేశాడు. ఇంట్లో సొంత కంప్యూటర్ ఉన్నవాళ్ళకు పని పంపుతాడట. డిజైన్ సాఫ్ట్‌వేర్, దాన్ని నడిపే పెన్‌డ్రైవ్ లాంటి తాళం తనే ఇస్తాడట. సోమవారానికల్లా మిషన్ సిద్ధం కాకపోతే ఆ పని వేరే ఆపరేటర్‌కు పోతుంది. ఇంట్లోకి అప్పుడు ఇంకే రాబడీ లేదు. నా పీఎఫ్‌లో మిగిలింది తీసి విడిభాగాలు కొన్నాం. తయారైన కంప్యూటర్ కంటే అలా బిగించుకుంటే చవక అని లెక్క వేసింది నేనే.

మర్నాడు ఇద్దరం స్కూటీ మీద కతర్‌గామ్‌లో భాగాలు కొన్న దుకాణానికే వెళ్ళాం. షట్టర్ సగం దించి ఉంది. లోపల ప్లాస్టిక్ తెర వెనుక దుకాణదారు, మాస్కు గడ్డం కిందికి లాగి తంబాకు నములుతున్నాడు. కోడలు అడిగింది. అతను ధర చెప్పాడు.

మేం కొన్న మదర్‌బోర్డు కంటే ఎక్కువ! నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పాడు. పైగా అది ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుందట. బోర్డు కాలిపోతే దీన్ని తీసి ఇంకోదానికి వేసుకోవడం కుదరదట. మగ్గం తుక్కుకు పోతే దాని అట్టలు కూడా తగలబెట్టాలని నాతో ఇంతవరకు ఎవరూ అనలేదు. అక్కడున్న ఖాళీ డబ్బా మీద కూర్చున్నాను.

దుకాణదారు పకపకా నవ్వాడు. "కాకా, ఖరీద్‌తా కౌన్ హై? మిషన్ లే ఆవో, మై డాల్ దేతా హూఁ. ఫ్రీ!"

నా ప్రాణం లేచి వచ్చింది. ఎవరూ కొనరట. తెస్తే ఉత్తగానే వేసిస్తాడట. ఆ మాట ముందే చెప్పొచ్చు గదా!

"నై చాహియే, భాయ్," అని కోడలు గిర్రున బయటికి నడిచింది.

స్కూటీ వెనుక కూర్చుని, మాస్కులోంచి అరిచాను. "ఏందే బిడ్డా, గట్ల మొఖం మీద చెప్పొస్తివి? ఉత్తగ ఇస్తా అన్నడు గదా!"

"దొంగ మాల్ మామా అది."

"ఈ ఊరంత గట్లనే నడుస్తది. పొద్దుగాల ఒక చీర మార్కెట్ల దిగితే, మాపటికి దాని నకలు నాలుగు షెడ్లల్ల ఎక్కుతది. ఎవలన్న తప్పంటరా?"

ఆమె స్కూటీ ఆపింది. రోడ్డు మధ్యలోనే ఆపింది. వెనుక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

"ఆ చీర గీసిందెవలు? నేను. నకలు కొట్టినప్పుడల్లా సేఠ్ ఏమంటడో ఎరుకనా? మాల్ నడ్వలే, ఈసారి పగారు పెంచుడు కాదు అంటడు. ఏడేండ్ల సంది వింటున్న. నా పువ్వు ఎత్కపోయిన్రని వంటింట్ల నిలబడి ఏడ్శిన. ఇప్పుడు నేనే ఇంకొకలది ఎత్కస్తనా?"

ఆమె ఏడ్చిన సంగతి నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉంటూ, రోజూ డైరీ రాస్తూ, నాకు తెలియదు. ఆటోవాడు ఏదో తిట్టి పక్కనుంచి పోయాడు.

కోడలు స్కూటీని పక్కకు తీసి చెప్పింది. ఉచితంగా దొరికేది కూడా ఒకటి ఉందట. అది దొంగది కాదు, మంచిదే. కానీ సేఠ్ ఇచ్చే డిజైన్ సాఫ్ట్‌వేర్ దాని మీద నడవదట. అందుకని పిట్టల అంచు అమ్మి దీన్నే కొంటానంది.

"పిట్టలదా?" అన్నాను.

లాక్‌డౌన్‌లో మా బాల్కనీ ఎదుటి కరెంటు తీగల మీద గోరింకలు బారులు తీరేవి. కంప్యూటర్ లేదు గనుక ఆమె గ్రాఫ్ కాగితాల మీద, గడి గడికి రంగు నింపుతూ, వాటిని చీర అంచుగా గీసింది. ఏ రెండు పిట్టలూ ఒకలా ఉండవు. ఒకటి మెడ తిప్పుకుని, ఒకటి ఈకలు దువ్వుకుంటూ, ఒకటి అప్పుడే ఎగరబోతూ. కొంగు దగ్గర తీగలన్నీ ఒక స్తంభానికి చేరతాయి. ఇన్నేళ్ల పనిలో అలాంటి అంచు నేను చూడలేదు. ఎవరికీ చూపించకుండా దాచుకుంది. ఎప్పుడైనా సొంతంగా నేయించి, సొంతంగా అమ్ముకోవాలని ఆమె ఆశ.

శనివారం సేఠ్ గోదాముకు వెళ్ళాం. ఆయన కాగితాలు బల్ల మీద పరిచి, ఒక్కో పిట్ట మీదా వేలు పెట్టి చూశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి కెమెరా తెరిచాడు. కోడలు రెండు చేతులూ పిట్టల మీద అడ్డం పెట్టింది.

"పహలే పైసా, సేఠ్. ఫోటో బాద్ మే."

ముందు డబ్బు, తర్వాతే ఫోటో అంటోంది! నేను గోడకు ఆనుకున్నాను. నేను ఏ సేఠ్ ముందూ గొంతు పెంచి ఎరగను. చేతులు కట్టుకునే నిలబడేవాణ్ణి. పని కూడా పోయిందనుకున్నాను. సేఠ్ ఆమె వంక, నా వంక చూసి, నవ్వేసి డబ్బు తీయడానికి డ్రాయర్ లాగాడు.

"అంత తొందరేం, బెన్?" అని చెల్లెల్ని పిలిచినట్టు పిలుస్తూ హిందీలో అడిగాడు. సిస్టం కొనడానికని ఆమె చెప్పింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. లోపలికి తిరిగి లెక్కలు రాసే మునీమును కేకేశాడు. "సున్, సున్! యే ఖరీద్ కే డాలేగీ!" కొని వేస్తుందట అని ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ ఆఫీసులో అన్ని కంప్యూటర్లున్నా ఒక్కదానిలోనూ కొన్న సిస్టం లేదట.

తర్వాత ఒక కాగితం మీద ఆమెతో సంతకం చేయించాడు. పిట్టలు ఇక పూర్తిగా ఆయనవి. ఏ రంగులో వేసినా, ఎన్ని చీరలకు వేసినా, ఇంకెవరికి అమ్మినా ఆయనిష్టం. ఆమె మళ్ళీ అలాంటివి గీయకూడదు. అప్పుడు ఫోటో తీసుకున్నాడు.

ఆదివారం కొన్నాం. పెట్టె తెరిస్తే అట్ట ముక్క మీద అంటించిన ఒక వరుస అక్షరాలూ అంకెలూ, వేలెడంత పెన్‌డ్రైవ్. మా ఆవిడ పెట్టెను తలకిందులు చేసి దులిపింది. "ఇంతేనా? వాడు సగం దుకాణంల్నే ఉంచుకున్నడు. మళ్ళ పోయి అడుగున్రి," అంది.

కోడలు పెన్‌డ్రైవ్ పెట్టింది. ఈసారి తెర నీలమైంది. ఏదో అడిగింది, ఆమె నొక్కింది. ఇంకేదో అడిగింది, నొక్కింది. తర్వాత సన్నటి అక్షరాలతో పెద్ద రాత వచ్చింది. కింద 'ఒప్పుకుంటున్నాను' అని ఒక గడి.

"ఆగు. ఏమని ఒప్పుకుంటున్నం?" అన్నాను.

"ఇది ఎవ్వలు సదువరు మామా."

"నేను సదువుత. ఇంత పెట్టి కొన్నంక సదువకుంట ఎట్ల?"

నా ఇంగ్లీషు మిషన్ల పుస్తకాల వరకే. అందుకని ఆమె చదివి, తెలుగులో చెప్పసాగింది. కొద్ది లైన్లు కాగానే ఆగింది. అదే లైను మళ్ళీ లోలోపల చదువుకుంది.

"ఏమని ఉన్నది?"

"ఇది మనకు అమ్ముతలేరంట."

"పైసలు కట్టినం గదా!"

"కట్టినా గూడ. వాడుకునేతందుకు పర్మిషన్ ఇస్తున్నరంట, గంతే. మిషన్ మనది, ఇది వాళ్ళదే. ఎప్పటికీ వాళ్ళదే."

మా ఆవిడ చేతిలో ఖాళీ పెట్టె అలాగే ఉండిపోయింది. మోసపోయామని, వెంటనే వెళ్ళి తిరిగిచ్చేద్దామని లేచాను.

"మోసం కాదు మామా, కూసో," అంది కోడలు. ఆమె ఇంకా తెర వైపే చూస్తోంది. "గీసినోళ్ళు అమ్మకుంట గూడ పైసలు తీసుకోవచ్చన్నట్టు. గిట్ల గూడ రాసుకోవచ్చని నాకు ఎరుకనే లేకపాయె. నిన్న సేఠ్ కాడికి పోకముందు ఎవలన్న చెప్పినా మంచిగుండేది."

గడిలో టిక్కు పెట్టే ముందు ఆ లైను నా డైరీలో ఇంగ్లీషులోనే, అక్షరం పొల్లు పోకుండా రాసివ్వమంది. నేను కళ్ళజోడు సరిచేసుకుని రాశాను. సోమవారం సేఠ్ మొదటి పని పంపినప్పుడు, గీయడం మొదలుపెట్టకుండా, డైరీలో ఆ పేజీ తెరిచి పెట్టుకుని, ముందు ఆయనకు ఫోన్ చేసింది.