మాదమ్మ కాపలా

తమిళనాడులో ధర్మపురి దగ్గర, నల్లంపల్లి చుట్టుపక్కల లేచిన మిద్దెల్లో సగానికి మాదమ్మ తల మీద సిమెంటు మోసింది. పెళ్లికి ముందు పట్టిన తట్ట, జుట్టు నెరిసినా దించలేదు. ఏ గోడ పక్కన నడిచినా "ఇది నేను మోసిందే" అంటుంది. మనుషుల సంగతిలో మాత్రం అంత ధీమాగా మాట్లాడదు.

ఆమె భర్త వేడియప్పన్ ఒక ఏడాది మారియమ్మ పండగకు మొక్కుకు గుర్తుగా చేతికి కాప్పు దారం కట్టుకుని, ఇక బ్రాందీ ముట్టనని అమ్మవారి ముందు ఒట్టేశాడు. ఏళ్లనాటి తాగుడు ఆ పూటే మానేశాడు. చేతులు వణికాయి. లేని మనుషులతో మాట్లాడాడు. పండగ ముగియకముందే ఫిట్స్ వచ్చి, ఆస్పత్రి చేరేలోగా ఆటోలోనే పోయాడు. మొక్కులో ఏదో తప్పు జరిగిందన్నారు ఊళ్లోవాళ్లు. ఆ తప్పేమిటో మాదమ్మ చాలా కాలం వెతుక్కుంది.

అందుకే తమ్ముడు అంజనప్ప ఒక పొద్దున వచ్చి గడపలో కూర్చుని అడిగిన మాటకు ఆమెకు ఆ ఆటో గుర్తొచ్చింది.

"అక్కా, నన్ను లోపల పెట్టి బీగం ఎయ్యి. ఎంత అరిచినా తీయొద్దు. అన్నీ మానేస్తాను."

అంజనప్ప మంచి మేస్త్రీ. పరంజా మీంచి పడి నడుం దెబ్బతిన్నప్పుడు నొప్పి మాత్రలు మొదలుపెట్టాడు. నొప్పి తగ్గింది గానీ మాత్రలు తగ్గలేదు. అవి లేనిదే పొద్దున లేవలేడు, బ్రాందీ లేనిదే కన్ను మూతపడదు. భార్య బిడ్డను తీసుకుని పుట్టింటికి పోయింది.

"బీగం వద్దురా," అంది మాదమ్మ. "మీ బావ అట్లే పోయినాడు. లెయ్, ఆస్పత్రికి పోదాం."

ధర్మపురిలో డాక్టరమ్మ అంతా విని, ఇంట్లో ఎవరైనా ఇంతకుముందు ఇలా మానారా అని అడిగింది. మాదమ్మ వేడియప్పన్ సంగతి చెప్పింది. డాక్టరమ్మ తమిళంలో మెల్లగా అంది: "అమ్మా, అది అమ్మవారి కోపం కాదు. ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే మెదడు తట్టుకోలేదు. ఫిట్స్ వచ్చింది దానివల్లే. మీరు చేసిన తప్పేమీ లేదు."

మాదమ్మకు తల మీది తట్ట ఎవరో వెనక నుంచి దించేసినట్టయింది. దించాకగానీ అదెంత బరువో తెలియలేదు.

బ్రాందీ, నొప్పి మాత్రలూ రెండూ అలవాటైన మనిషిని నేరుగా ఇంట్లో పెట్టడం ప్రమాదమని, అంజనప్పను ముందు వార్డులో చేర్చుకున్నారు. గండం గడిచిందనుకున్నాకే, తాగని మనిషి మాదమ్మ పక్కన ఉంటుందన్న నమ్మకం మీద, మిగిలిన వైద్యం ఆమె ఇంట్లో సాగించడానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. నర్సు కలైవాణి స్కూటీ మీద పూటపూటా వచ్చి నాడి, బీపీ చూసేది. ఆమెదీ తెలుగు ఇల్లే. వీధిలో తమిళం మాట్లాడినా గడప దాటగానే మాట మారేది.

"అక్కా, డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు నీ దగ్గరే ఉండాల. నేను చెప్పినన్నే ఇయ్యి. లేనిది కనపడతా ఉందన్నా, ఒళ్లు కొట్టుకున్నా నాకోసం చూడొద్దు. ముందు నూట ఎనిమిదికి ఫోన్ చెయ్."

మాదమ్మ మాత్రలు కొంగున ముడేసుకుంది. మనసు గట్టిగా ఉంటే తాగుడు మానొచ్చని అందరిలా తనూ అనుకునేది. ఇప్పుడు కళ్లారా చూసింది. ఎండ మండిపోతున్న వేళ తమ్ముడి ఒళ్లంతా చలికి వణికినట్టు గగుర్పొడిచేది. ఏడవకుండానే కళ్ల వెంట నీళ్లు కారేవి. ఒకదాని వెనక ఒకటి ఆవలింతలు. పడుకుంటే కాళ్లు వాటంతటవే తన్నుకునేవి. మనిషి లోపల ఇంకో మనిషి ఉండి, బయటికి రావడానికి గోడలు గుద్దుతున్నట్టుండేది. ఇన్నాళ్లూ వీడు మోసింది ఇదా అని ఆమె నిర్ఘాంతపోయింది.

ఒక మధ్యాహ్నం అతను చటుక్కున లేచి, చెప్పులైనా వేసుకోకుండా హైవే వైపు నడిచాడు. బ్రాందీ అమ్మే కడ అటే ఉంది. మాదమ్మ నీళ్ల సీసా పట్టుకుని వెంటపడుతూ కలైవాణికి ఫోన్ చేసింది.

"అడ్డం పడొద్దక్కా, కొట్లాడొద్దు. పక్కనే ఉండు. వస్తా ఉండాను."

లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. కడ బోర్డు కనబడే చోట, కల్వర్టు దగ్గర, అంజనప్ప ఆగాడు. గోడ రెండు చేతులా పట్టుకుని, పళ్లు బిగించి, కూర్చుండిపోయాడు.

"అక్కా, కాళ్లు అటే పోతా ఉండాయి. నేను పోలేదు."

ఒంట్లో ప్రతి నరమూ అటు లాగుతుంటే, ఏ బలంతో ఆగాడు వీడు? కన్నతల్లికి కూడా కనబడని బలం ఎక్కడ దాగి ఉండింది? గట్టిగా పట్టుకుంటే అది చెదిరిపోతుందేమోనని భయపడి, చెయ్యి వెయ్యకుండా పక్కన కూర్చుంది.

కలైవాణి వచ్చి, అక్కడే నేల మీద మోకాళ్లేసి నాడి చూసింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆమె చెప్పిన మందు ఇచ్చింది. "భయం లేదన్నా. నువ్వు ఆగినావు కదా, మిగతాది మందు చూసుకుంటుంది," అంది. ఒక్క కోపపు మాట లేదు. ఆ పిల్లకు ఈ ఓర్పు ఎవరు నేర్పారా అని మాదమ్మ ఆమె ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత మెల్లగా తెరిపిచ్చింది. ఒకనాడు మాదమ్మ రాగి ముద్ద కలుపుతుంటే లోపల్నుంచి గొంతు వినిపించింది.

"అక్కా, మునగాకు ఏస్తా ఉండావా? వాసన వస్తా ఉండాది."

ఎన్నాళ్లుగానో వాడికి ఏ వాసనా తెలిసేది కాదు. తినడానికి కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చాడు. మాదమ్మ గరిటె పట్టుకున్నట్టే నిలబడిపోయింది, పురిటి బిడ్డ మొదటి ఏడుపు విన్నదానిలా.

అంతటితో అన్నీ చక్కబడిపోలేదు. అంజనప్ప తిరిగి తన ఇంటికి మారినా నెలనెలా ఆస్పత్రికి వెళ్లాలి, మాత్రలు మింగాలి. భార్య ఫోన్లో మాట్లాడుతోంది గానీ ఇంకా రాలేదు. ఒకసారి చుట్టాల పెళ్లిలో తాగేశాడు కూడా. మర్నాడు పొద్దున్నే తానే అక్క ఇంటికి వచ్చి, దాచకుండా చెప్పాడు.

"తప్పిపోయినానక్కా. తిరిగి పోదాం పా, డాక్టరమ్మ దగ్గరికి."

తిట్టడానికి నోరు తెరిచిన మాదమ్మకు ఆ మాట విన్నాక తిట్టు రాలేదు. పడ్డవాడు పడ్డచోటనే లేచి, దారి అడగకుండా నడిచి రావడం ఆమె తన ఇంట్లో ఎన్నడూ చూడలేదు. ఆ రోజు పనికి రానని తన మేస్త్రీకి కబురు పెట్టి, చీర మార్చుకుని, తమ్ముడితో కలిసి బస్సుకు బయల్దేరింది.