కోత పండుగ అనుకొని

పోయిన వారం పోస్టులో ఒక పుస్తకం వచ్చింది. నున్నటి కాగితం, రంగుల అట్ట, మేం మొదలుపెట్టిన తెలుగు సంఘం చరిత్ర. నేపర్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని, కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకుని మరీ చదివాను. "దేవుని కృపవలన సిన్సినాటిలోని ఒక జర్మన్ సంఘము మనకొరకు తలుపులు తెరచెను" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. దేవుని కృపను కాదనడానికి నేనెవరిని? కానీ ఆ తలుపులకు తాళం ఉంది, ఆ తాళం తీయించడానికి మా ఆవిడ ఏం చేసిందో నేను నాలుగు పేజీలు స్వదస్తూరీతో రాసి పంపాను. ఏమైందని ఫోన్ చేస్తే పుస్తకం కూర్చినాయన, "అంకుల్, ఆ బీర్ పార్ట్ ఎడిట్ చేశాం. కిడ్స్ చదువుతారు కదా, బాగోదు" అన్నాడు. బాగోదట! ఆవిడ పోయి నాలుగేళ్ళయింది, చెప్పుకోవడానికి ఆవిడ లేదు, చెప్పడానికి నేనున్నాను. వాళ్ళు వేయకపోతే మానె, నా ఈడు వాళ్ళు మీరున్నారు కదా, మీకు చెబుతాను.

నేను ఐదో తరగతి దాటినవాణ్ణి కాను. గుంటూరులో లేతు మిషన్ దగ్గర నిలబడి పని నేర్చుకున్నాను, తెలుగు బైబిలూ ఇంగ్లీషు బైబిలూ పక్కపక్కన పెట్టుకొని ఇంగ్లీషు నేర్చుకున్నాను. అందుకే ఇక్కడికి వచ్చిన కొత్తలో మిషన్ షాపులో తోటి పనివాళ్ళు నా మాట విని, మోషే కొండ దిగి వచ్చినట్టుందని నవ్వేవారు. మా ఆవిడ నర్సు. డెబ్భైలలో ఆవిడ ముందు డేటన్ ఊరికి ఉద్యోగానికి వచ్చింది, ఆవిడ వెనక నేను వచ్చాను. పెళ్ళాం వెనక వచ్చానని చెప్పుకోవడానికి ఆ రోజుల్లో మగవాళ్ళు నీళ్ళు నమిలేవారు. నేను నమల్లేదు.

ఆదివారం ఉదయం తెల్లవాళ్ళ గుడికి వెళ్ళి, వాళ్ళ పాటలు వాళ్ళతోపాటు పెదవులు కదిపి, ఇంటికొచ్చి చారూ అన్నమూ తిన్నాక ఇద్దరం తెలుగు పాటల పుస్తకం తీసేవాళ్ళం. ఆవిడ రాత్రి డ్యూటీలు చేసి చేసి అలసిపోయిన గొంతుతో పాడుతూ పాడుతూ ఆపేసి, "ఏవండీ, ఇద్దరం పాడితే పాటవుతుంది గానీ ఆరాధన అవుతుందా?" అనేది. ఇక్కడికి వచ్చిన నాలుగేళ్ళలో ఆవిడ నన్ను చీర అడగలేదు, నగ అడగలేదు, ఆ ఒక్కటే అడిగింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వెతికితే తొమ్మిది తెలుగు క్రైస్తవ కుటుంబాలు తేలాయి. అందరికీ నడిమధ్య ఊరు సిన్సినాటి. మా ఫోర్‌మన్ జర్మన్ వంశంవాడు. వాళ్ళ అన్నగారు ఆ ఊళ్ళో ఒక పాత లూథరన్ గుడికి పెద్ద. గుడి కింది హాలు నెలకొక ఆదివారం మాకు ఇస్తామన్నారు. సరిగ్గా ఆ సెప్టెంబరులోనే గుంటూరు వైపు పాస్టరు అయ్యగారొకరు అమెరికా వచ్చి, డేటన్‌లోనే మా తోడల్లుడి ఇంట్లో దిగారు. ఆయన తిరుగు విమానం సోమవారం. ఆదివారం మధ్యాహ్నం మొదటి తెలుగు ఆరాధన, ప్రభువు బల్ల, అంటే రొట్టే ద్రాక్షరసమూ పంచుకునే సంస్కారం. ఆ రోజు తప్పితే మళ్ళీ మా భాషలో సంస్కారమిచ్చే అయ్యగారు ఏ సంవత్సరానికి దొరుకుతారో తెలియదు.

హాలు ఊడ్చి కుర్చీలు వేసుకోవడానికి శనివారం మధ్యాహ్నం వస్తే తాళంచెవి ఇస్తామన్నారు. మా ఫోర్‌మన్ మాత్రం, ఆ శని ఆదివారాలు ఆ ఊళ్ళో మా జర్మన్ల కోతకాలపు పండుగ, కాస్త రద్దీగా ఉంటుందని హెచ్చరించాడు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కోత పండుగంటే మనకు తెలియనిదా? తొలి పంట గుడికి తేవడం, బలిపీఠం ముందు గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోడిపుంజులు, ఆరాధన అయ్యాక వేలంపాట! పైగా మా వైపు సువార్త తెచ్చిన దొరలు ఈ లూథరన్లే. కల్లు వాసన వేస్తే గుడి గడప తొక్కనిచ్చేవారు కాదు. వాళ్ళే అంత నిష్ఠగా ఉంటే వాళ్ళ సొంతవాళ్ళ పండుగ ఇంకెంత పవిత్రంగా ఉంటుందో అనుకున్నాను. మా ఆవిడ పెరట్లో కాసిన తొలి సొరకాయ కోసి, కడిగి, తెల్ల తువ్వాలులో చుట్టింది. నేను సూటు వేసుకుని టై కట్టాను.

గుడి తలుపుకు కాగితం అంటించి ఉంది: అందరూ పండుగలో ఉన్నారు, రేపటి ఆరాధన కూడా అక్కడే. చర్చి పెద్ద కోసం వెతుక్కుంటూ నాలుగు వీధులు నడిచేసరికి వీధులు మూసేసి ఉన్నాయి, ఇసుక వేస్తే రాలనంత జనం. పొట్టి తోలు నిక్కర్లు వేసుకున్న ముసలివాళ్ళు, టోపీలకు ఈకలు, బాకాలు, డోళ్ళు, ప్రతి మనిషి చేతిలో నురుగు కక్కుతున్న గ్లాసు. నేను నిలబడిపోయాను. మా ఆవిడ సొరకాయను చంకన పెట్టుకొని నాలుగు వైపులా చూసి, "వేలంపాట ఎక్కడ జరుగుతోందో కనుక్కోండి" అంది. అంది గానీ పెదవి కొసన నవ్వు ఆగడం లేదు. నాకు నవ్వు రాలేదు. పన్నెండేళ్ళప్పుడు ఆదివారపు బడిలో ప్రమాణపత్రం మీద సంతకం పెట్టినవాణ్ణి: మద్యం ముట్టను, రుచి చూడను, ఇతరులకు అందించను. వెనక్కి పోదామంటే ఆవిడ వినలేదు. మామూలుగా మెల్లగా మాట్లాడే మనిషే గాని, పట్టు పడితే వదిలించడం నావల్ల అయ్యేది కాదు. కనబడిన ప్రతి దుకాణం దగ్గరా ఆగి, గుడి పేరు చెప్పి, పెద్దాయన ఎక్కడని అడుగుతూ ఆ జనంలోకి చొచ్చుకుపోయింది. సూటూ టైతో ఆవిడ వెనక నేను.

గంటసేపు తిరిగితే దొరికాడు. గుడి పైకప్పు బాగుచేయించడానికని సంఘంవాళ్ళే పెట్టిన దుకాణం, నడుముకు ఏప్రన్ కట్టుకుని, పీపా కుళాయి కింద గ్లాసులు పట్టి బీరు నింపుతున్నవాడు సాక్షాత్తూ సంఘపెద్ద! మా ఊళ్ళో అయితే ఆ వారమే వెలివేసేవారు. నాకు వచ్చిన కోపానికి ఇంగ్లీషంతా మరిచిపోయాను. ఆయన మాత్రం చెయ్యి తుడుచుకుని నా చెయ్యి పట్టి ఊపేసి, తాళంచెవి కారులో ఉందనీ, కారు మూసిన వీధుల అవతల ఎక్కడో ఉందనీ, తోడు రావలసిన మనిషి రాలేదనీ, ఆ వరసను వదిలి తను కదల్లేననీ, దుకాణం కట్టేశాక రాత్రి పదకొండింటికి రమ్మనీ చెప్పాడు. రాత్రి పదకొండింటికి మా ఆవిడకు డేటన్‌లో డ్యూటీ, మాకున్నది ఒక్క కారు. ఆదివారం పొద్దున వద్దామంటే డ్యూటీ దిగేసరికే వాళ్ళంతా మళ్ళీ ఈ గుంపులోనే ఉంటారు. అరగంట ఎవరైనా తన బదులు నిలబడితే పరుగున వెళ్ళి తెచ్చి ఇస్తానని చెప్పి, ఆయన నా వైపు చూశాడు.

నేను నేల వైపు చూశాను. ఎదురుగా వరస గొణుగుతోంది. అప్పుడు మా ఆవిడ సొరకాయ నా చేతిలో పెట్టి, చీర కొంగు నడుముకు దోపి, "ఆస్పత్రిలో రోజూ ఎవరెవరి మూత్రమో సీసాలకు ఎత్తుతున్నాను, దానికి అంటని మైల దీనికి అంటుతుందా? పక్కకు జరగండి" అంది. పెద్దాయనకు తెలుగు రాకపోయినా విషయం అర్థమై ఏప్రన్ విప్పి ఇచ్చేశాడు.

మొదటి రెండు గ్లాసులూ నురుగే. "మేడమ్, నేను గడ్డం గీసుకోవడానికి రాలేదు" అని ఒకడు ఎగతాళి చేశాడు. మూడోదానికి గ్లాసు వాల్చి పట్టడం పట్టుబడింది. పదో దానికి, ఏళ్ళ తరబడి ఆ పనే చేస్తున్నదానిలా ఉంది. ఈకల టోపీ తాత ఒకాయన ఆవిడ చీర చూసి, ఆ వేషం బవేరియాలో ఏ తాలూకాదని అడిగితే, "గుంటూరు తాలూకాది" అని తడుముకోకుండా చెప్పింది. ఆయన గుంటూరు తనకు తెలుసన్నట్టు తలూపి వెళ్ళాడు. నేనేం చేశానంటే, ప్రమాణపత్రంలో మాంసం మాట లేదు గనక పక్క బల్ల దగ్గరికి జరిగి, రొట్టెల్లో సాసేజీలు పెట్టి ఆవముద్ద రాసి ఇచ్చాను. ఇంకొకటి కూడా చేశాను, ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు: ఎవరైనా తెలుగువాళ్ళు చూస్తే నేను వేరు, ఆవిడ వేరు అనిపించేలా ఆవిడకు వీపు పెట్టి నిలబడ్డాను.

తెలుగువాళ్ళు రానే వచ్చారు. మా తోడల్లుడు ఇంజనీరు, పెద్ద చదువులు చదివినవాడు, నేను చేసిన పొరపాటే ఆయనా చేసి, కోత పండుగ చూపిస్తానని అయ్యగారిని వెంటబెట్టుకుని వచ్చాడు! సరిగ్గా మా దుకాణం ముందు తేలారు. మా తోడల్లుడి ముఖం కందగడ్డ అయింది. "వదినా! ఇదేం పని? ఎవరి పరువు తీద్దామని?" అన్నాడు. మా ఆవిడ చేతిలో గ్లాసు సగం నిండి ఉంది. అది నింపి, అడిగినవాడికి ఇచ్చేసి, అప్పుడు అయ్యగారికి రెండు చేతులూ జోడించింది. అయ్యగారు నుదుటి చెమట తుడుచుకున్నారు. తరువాత, "అమ్మా, నిమ్మరసం లాంటిది ఏమన్నా ఉందా? నడిచి నడిచి నోరెండిపోయింది" అన్నారు. ఇంతలో పెద్దాయన రొప్పుతూ వచ్చి తాళంచెవి ఆవిడ చేతికే ఇచ్చాడు. నాకు ఇవ్వలేదు.

ఆదివారం తొమ్మిది కుటుంబాలూ వచ్చాయి. మా ఆవిడ డ్యూటీ దిగి, కారులో ఒక గంట కునుకు తీసి, తెల్ల చీర కట్టుకుని వచ్చింది. ఆరాధన మొదలుకాకముందే మా తోడల్లుడు లేచి నిలబడి, నిన్న బజారులో మద్యం పోసిన చేతులతో ఈవేళ బల్లలో పాలుపంచుకోవడం కుదరదు, సంఘం ముందు ఒప్పుకోలు చేయాల్సిందే అన్నాడు. ఆవిడ తల దించుకుంది. అంతకుముందు ఎప్పుడూ ఆవిడ తల దించడం నేను చూడలేదు. నాలుగేళ్ళు మన భాషలో ఆ ఒక్క రొట్టెముక్క కోసం ఎదురుచూసిన మనిషి! నాకు చదువు లేదు, నలుగురిలో మాట్లాడిన అలవాటు లేదు. అయినా లేచాను. ఆ దుకాణంలో నేనూ నిలబడ్డాను, ఆవిడ సంఘం కోసం నిలబడితే నేను దాక్కుని నిలబడ్డాను, ఒప్పుకోలు చేయవలసింది ఎవరైనా ఉంటే అది నేను, ఆవిడకు లేని బల్ల నాకూ అక్కర్లేదు అన్నాను. అయ్యగారు కుర్చీలోంచి లేచి, "అయితే ఇద్దరూ ముందుకు రండి, మీతోనే మొదలుపెడతాను" అన్నారు.

మా తోడల్లుడు విసురుగా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. వచ్చిన చిక్కేమిటంటే, మా అందరిలోకీ పాట ఎత్తగలిగినవాడు ఆయనొక్కడే. మేం ఎత్తుకున్న పాట మొదటి చరణం ఎలాగో కుంటింది. రెండో చరణంలో గుంటూరు వాళ్ళు ఒక దారి, గోదావరి వాళ్ళు ఇంకో దారి పట్టి, నేనైతే ఎటూ పోలేక ఆగిపోయాను. అప్పుడు మెట్ల మీద నుంచి, "అది కాదయ్యా! పై నుంచి ఎత్తాలి, పై నుంచి!" అని ఒక కేక, కేక వెనకే పాట. పాడుతూనే దిగి వచ్చాడు. చోటు లేక మా ఆవిడ పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. ఆరు నెలలు మాతో మాట్లాడలేదు. ఒక్క నెల కూడా మానకుండా వచ్చి పాట ఎత్తాడు.

ఇది జరిగింది డెబ్భైల చివర. ఎనభైలంతా ఆ నేలమాళిగలోనే గడిచాయి. రాగం దగ్గర పోట్లాడుకున్నాం, బాప్తిస్మం దగ్గర పోట్లాడుకున్నాం, బిర్యానీలో ఉప్పు దగ్గర కూడా పోట్లాడుకున్నాం. ఎవరికి కోపమొచ్చినా మెట్ల దాకా వెళ్ళేవారు, కాసేపు నిలబడేవారు, దిగి వచ్చేవారు, ఎందుకంటే తెలుగులో ప్రార్థన వినబడే గది చుట్టుపక్కల ఇంకొకటి లేదు. ఇప్పుడు సంఘాలకు కొదవేముంది? మా అమ్మాయి ఇంటి నుంచి అరగంట దూరంలో నాలుగున్నాయి, అందులో మూడు నాలుగోదాని మీద అలిగి పుట్టినవే. శనివారం మాట పట్టింపు వస్తే ఆదివారానికి కొత్త హాలు బుక్ చేస్తున్నారు. పాటలకు కీబోర్డులున్నాయి, తెర మీద అక్షరాలున్నాయి, రాగం ఎక్కడా తప్పదు. మొన్న ఆదివారం ఒకాయన మధ్యలో లేచి వెళ్ళిపోతే నేను మాత్రం పాట మానేసి, తల తిప్పి, తలుపు వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పాట చక్కగా సాగిపోయింది. ఆయన తిరిగి రాలేదు.